కాచమ్మ కొంగుముడి

ఎండాకాలం వచ్చిందంటే కాకులు కూడా నీడ వదలని ఒకానొక రాజ్యంలో రణధవళుడనే మహారాజు ఉండేవాడు. ఆయన చేసిన యుద్ధాలు తక్కువ, పెట్టుకున్న బిరుదులు ఎక్కువ. కోట వెనక ఆయనకో పెద్ద తోట ఉంది. పూలూ కూరగాయలూ కలిపి పెంచేవారు. కాని అందులో ఒక్క పువ్వు కోయడానికి వీల్లేదు, ఒక్క కాయ తెంపడానికి వీల్లేదు. ఏది ఎక్కడ పుట్టిందో అక్కడే ఉండాలి. వచ్చినవాళ్ళు చూసి ఆహా అనాలి.

పట్టపురాణి ఒకసారి ముచ్చటపడి ఒక్క బంతిపువ్వు అడిగింది.

"చెట్టున ఉంటే అది రాజ్యసంపద. నీ జడలో ఉంటే సాయంత్రానికి చెత్త" అన్నాడు రాజు. రాణి మళ్ళీ అడగలేదు.

ఆ కొలువులోనే కాచమ్మ అనే పెద్దావిడ ఉండేది. రాణివాసంలో కథలు చెప్పడం ఆవిడ పని. మాటకు మాట అప్పజెప్పడంలో ఆవిడ ముందు పండితులు కూడా తడబడేవారు. ఈ మధ్య మాత్రం మతిమరుపు పట్టుకుంది. కథ మధ్యలో రాజకుమారుడి పేరు జారిపోతే "ఆ అబ్బాయి" అని కానిచ్చేసేది. పని గుర్తుండడానికి కొంగున ముడి వేసుకునేది. తీరా ముడి చూసి, ఇది ఎందుకు వేశానబ్బా అని నిలబడిపోయేది. పైకి నవ్వేసినా లోపల దిగులే.

ఆ దిగులు తన ఇంటి పెరట్లో మాత్రం ఉండేది కాదు. బీరపాదు చూస్తే విత్తనమిచ్చిన అక్క ముఖం కళ్ళ ముందుకొచ్చేది. ఎర్రబంతి చూస్తే అత్తగారూ, ఆవిడ కోపమూ, కోపం తగ్గాక పెట్టిన పెరుగన్నమూ గుర్తొచ్చేవి. కనకాంబరాల దగ్గర కూర్చుంటే కథ మొత్తం, ఆ అబ్బాయి పేరుతో సహా, తిరిగొచ్చేది.

అక్కడ ఆవిడ మరచిపోయేది ఒక్కటే. ఆకుచాటు బెండకాయను కోయడం. అది ముదిరిందంటే, గింజ కట్టేశాను కదా, ఇక నా పని అయిపోయిందని చెట్టు పూత మానేస్తుంది. పువ్వయినా అంతే, కాయయినా అంతే. కోస్తూ ఉంటేనే పూస్తాయి. ఈ సంగతి కాచమ్మకు తెలుసు. కాని కళ్ళు మసక, జ్ఞాపకం అంతకన్నా మసక. ఈ వేసవి పెరడు నిలబడుతుందా అని బెంగపడుతూనే ఉంది.

ఒకనాడు రాజు రాణి జడలో కనకాంబరాలు చూశాడు.

"ఎక్కడివి?"

"కాచమ్మ పెరటివి. కావలసినన్ని కోసుకోమంటుంది, పాపం" అంది రాణి.

ఆ 'పాపం' రాజుకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు నిండు కొలువులో కాచమ్మను నిలబెట్టాడు.

"ఏమమ్మా, నీ పెరడు మా తోటను మించిందటగా?"

"నాకేం తెలుసు ప్రభూ! మీ తోట చూసి అందరూ ఆహా అంటారు. నా పెరట్లో ఎవరూ నోరు మెదపరు. నోట్లో దోసకాయ ముక్క ఉంటుంది మరి."

కొలువంతా నవ్వు ఆపుకోలేక దగ్గింది. రాజు మీసం అదిరింది.

"వైశాఖ పున్నమికి పొరుగు రాజు కీర్తిసేనుడు వస్తున్నాడు. ఆ ఉదయం మా తోట ఇచ్చింది మేం పెడతాం. నీ పెరడు ఇచ్చింది నువ్వు పెట్టు. ఎవరిది మేలో ఆయనే చెబుతాడు. నువ్వు ఓడితే ఆ పెరడు దున్నించి ఏనుగులసాల కట్టిస్తాను. గెలిస్తే కోరింది ఇస్తాను."

బీరపాదు ఉన్నచోట ఏనుగులు! ఆ పాదు పోతే అక్క ముఖం ఎక్కడ వెతుక్కోవాలి? కాచమ్మ చేతులు కొంగును నలిపాయి. నలుపుతూ నలుపుతూ ఆగాయి. నెమ్మదిగా ఒక ముడి వేశాయి.

"చిత్తం మహారాజా. కాని ఒక్క వేడుకోలు. పందెం గెలవడానికి మీరేం చేసినా చేయండి. భటులను పంపి నా పెరట్లో పూలూ కాయలూ మాత్రం కోయించకండి. రోజూ పొద్దున్నే వచ్చి ఒక్క పువ్వు, ఒక్క పిందె వదలకుండా ఊడ్చుకుపోయారంటే, ముసలిదాన్ని, నేనేమైపోతాను!" అని కళ్ళొత్తుకుంది.

రాజుకు అంతవరకూ ఆ ఆలోచనే లేదు. ఇప్పుడు వచ్చింది.

"ఈ రాజ్యంలో ఏ చెట్టు పువ్వయినా రాజుదే" అన్నాడు గంభీరంగా. దళవాయి పోతినాయకుణ్ణి పిలిచాడు. "రేపటినుంచి రోజూ వెళ్ళు. ఆకుల మాటున ఒక్కటి మిగిలినా నీ తలపాగా ఊడుతుంది. కోసినవి నా కంట పడనీయకు. ఊళ్ళో ఎవరికి పంచుతావో పంచు."

తెల్లవారుతూనే భటులు గంపలతో దిగారు.

"దుమ్ము కాళ్ళతో పెరట్లోకి వస్తారా!" అని గద్దించింది కాచమ్మ. "కాళ్ళు కడుక్కుని రండి. ఇక్కడ కాదు, అదిగో, పాదు మొదట్లో."

నూతిలో నీళ్ళు తోడుకుని అందరూ బీరపాదు దగ్గరొకరు, వంగమొక్కల దగ్గరొకరు కాళ్ళు కడుక్కున్నారు. తలపాగా భయంతో ప్రతి ఆకూ ఎత్తి చూశారు. కాచమ్మ గడప మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని శోకాలు పెట్టింది. రోజూ ఇదే వరస.

ఒక పొద్దున మాత్రం కొంప మునగబోయింది. పోతినాయకుడు బెండ వరస దాటి వెళుతుంటే కాచమ్మ ఉండబట్టలేక, "వెనక్కి రా నాయనా, ఆ పెద్దాకు కింద ఒకటి మిగిలింది చూడు" అనేసింది.

దళవాయి ఆగాడు. "అవ్వా, నీ పెరడే కదా మేం దోస్తున్నది?"

ఆవిడ చేయి కొంగుముడి మీద పడింది. "అయ్యో, అవును కదూ!" అని గుండెలు బాదుకుంటూ మళ్ళీ అందుకుంది. "నా బెండకాయో! దాన్నయినా వదలరా నాయనా!"

పాపం ముసలితనం, మతి చలించింది అనుకుని పోతినాయకుడు ఆ కాయ కూడా కోసుకుని వెళ్ళాడు.

కోటలో రాజు రోజూ అడిగేవాడు. "ఇవాళ ఎంత కొల్లగొట్టావు?"

"నిన్నటి కన్నా ఎక్కువే ప్రభూ. గంపలు చాలక చాపల్లో మూటగట్టాం."

"భేష్! రేపు ఇంకా ఎక్కువ కొల్లగొట్టాలి."

దోచుకున్నకొద్దీ పెరడు ఎందుకు తరగడం లేదని ఆయనకు తోచలేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరి జడల్లో పూలెక్కడివని కూడా తోచలేదు. ఆయన చూపు తన మీసం దాటి కిందికి దిగడం అరుదు.

పున్నమి వచ్చింది. కీర్తిసేనుడు కొలువుతీరాడు. రాజు తోటమాలులు తలలు వంచుకుని పళ్ళాలు తెచ్చారు. చెట్టుమీదే ఉండిపోయిన బంతిపూలు ఎండి గింజలు రాలుస్తున్నాయి. బీరకాయలు లోపల పీచుకట్టి గలగలలాడుతున్నాయి. ఇక కొత్త పూతంటారా, అది ఎప్పుడో ఆగిపోయింది. కీర్తిసేనుడు మర్యాద కోసం బెండకాయ కూరలో ఒక ముక్క నోట్లో వేసుకుని, నమిలి నమిలి, చివరికి చాటుగా రుమాలులోకి దించాడు.

"ఈ ఏడు ఎండలు ఎక్కువ" అన్నాడు రణధవళుడు. "సరే, కాచమ్మ ఏం తెచ్చిందో చూద్దాం."

కాచమ్మ వట్టి చేతులతో నిలబడింది.

రాజు పకపకా నవ్వాడు. "ఏమీ లేదా?"

"నా గంపలు మీ వాళ్ళు మోసుకొస్తారు ప్రభూ. రోజూ వాళ్ళేగా మోసేది! పందెం ఉదయం కదా, ఇవాళ్టి కొల్ల ప్రభువులు కళ్ళారా చూస్తే మెచ్చుకుంటారని చెప్పి తిన్నగా కొలువుకే తెమ్మన్నాను."

అంతలో పోతినాయకుడు రొప్పుతూ వచ్చాడు. వెనక భటుల వరస. ఎర్రబంతి, పసుపుబంతి, కనకాంబరాలు, నవనవలాడే లేత బెండ, మంచు తడి ఆరని దోస, నిగనిగలాడే వంకాయలు. కొలువులో అడుగుపెట్టే చోటు లేకుండా నిండిపోయింది. కీర్తిసేనుడు ఒక బెండకాయ తుంచాడు. అది టప్పున విరిగింది. పచ్చిగానే తినేశాడు.

"ఇక నేను వేరే చెప్పాలా?" అన్నాడు నములుతూ.

రణధవళుడు దళవాయి వైపు ఉరిమి చూశాడు. "ఆ పెరడు నాశనం చేయమని కదా నిన్ను పంపాను!"

"మీరు చెప్పినట్టే చేశాను ప్రభూ. ఒక్కటి వదల్లేదు!"

"వదల్లేదు కనకనే పూసింది మహారాజా" అంది కాచమ్మ. "మీ తోటలో ప్రతి చెట్టూ పని అయిపోయిందని చేతులు ముడుచుకుని కూర్చుంది. నా పెరటికి మీరు ఆ తీరిక ఇవ్వలేదు. నేనైతే సగం మరచిపోదును. మీ భటులు రాజభయంతో కోశారు."

"మరి రోజూ గుండెలు బాదుకుని ఏడ్చావటగా!"

కాచమ్మ కొంగు ముందుకు తీసి ముడి చూపించింది. "అందుకే ఇది వేసుకున్నాను ప్రభూ. వాళ్ళు వచ్చినప్పుడు సంతోషంలో మరచిపోయి నవ్వేస్తానేమో, ఏడవాలి సుమా అని."

రాజు ముడి వంక చూశాడు, గంపల వంక చూశాడు, మీసం కింద పెదవి వణికింది. ఆపై కిరీటం జారేలా నవ్వాడు.

"గెలిచావు కాచమ్మా! ఏనుగులు ఉన్నచోటే ఉంటాయి. ఆ పెరడు నీదీ, నీ తరవాత నీ వాళ్ళదీ. ఈ కంకణం కూడా తీసుకో. ఇంకేం కావాలో కోరుకో."

"భటులను మాన్పించకండి ప్రభూ. ఏడవకుండా కోయించుకుంటాను. ఊరికి అలవాటైపోయింది."

"అలాగే" అన్నాడు రాజు. రాణివాసపు తెర వైపు ఒకసారి చూసి, తన పట్టు ఉత్తరీయం అంచు తీసుకుని తంటాలుపడుతూ ఒక ముడి వేసుకున్నాడు.

"అది దేనికి మహారాజా?"

"నా తోటలో మళ్ళీ పూసే మొదటి పువ్వు కోసి రాణికి ఇవ్వాలి" అన్నాడు గొంతు తగ్గించి. "మరచిపోతానేమో."

కాచమ్మ తన ముడి విప్పేసుకుంది. కంకణం చేతికి తొడుక్కుని, ఎండను లెక్కచేయకుండా తలెత్తుకుని ఇంటికి నడిచింది. తిన్నగా బీరపాదు దగ్గరికి వెళ్ళి, "గెలిచామే అక్కా!" అంది.