ఏనుగును కూర్చోబెట్టే ఏడు మార్గాలు

నందిగిరి రాజు విరూపాక్షుడికి ఉన్నట్టుండి ఒక కోరిక పుట్టింది. కోటలో జరిగే ప్రతి పనికీ ఒక పుస్తకం ఉండాలన్నాడు. ఆ భారం వ్యాఘ్రేశ్వర శాస్త్రికి అప్పగించాడు.

శాస్త్రి ముందుగా గజశాల పుస్తకం తెచ్చాడు. ఏనుగును కూర్చోబెట్టడానికి అందులో ఏడు మార్గాలున్నాయి.

"ఒక్కటి సరిపోదా?" అన్నాడు రాజు.

"ఒక్కటే రాస్తే నాకు ఒక్కటే తెలుసనుకుంటారు ప్రభూ."

రాజుకు ఆ మాట నచ్చింది. ఏడూ తడబడకుండా అప్పజెప్పలేనివాళ్లు పున్నమి తర్వాత గజశాలకు రానక్కర్లేదని ఆజ్ఞ వేశాడు.

మేఘం అనే ఏనుగుకు ముప్పై ఏళ్లుగా మేత పెడుతున్న ముసలమ్మ పేరు పైడమ్మ. అక్షరాలు తనంతట తానే నేర్చుకుంది. పుస్తకం చదవగలదు. కానీ ఈమధ్య మరుపు ఎక్కువై, మూడో మార్గానికి వచ్చేసరికి మొదటిది జారిపోతోంది. మేఘాన్ని విడిచి పోవాలేమోనని ఆమెకు అన్నం సహించలేదు.

పున్నమినాడు రాజు వచ్చాడు.

"ఏదీ, అప్పజెప్పు."

"చెబుతాను దొరా. శాస్త్రులుగారు మేఘం మీద కూర్చుంటే నాకు బాగా గుర్తొస్తుంది."

శాస్త్రి దర్జాగా నిచ్చెనెక్కి కూర్చున్నాడు. పైడమ్మ నిచ్చెన తీయించింది. మేఘం తాపీగా బురదగుంట వైపు నడిచింది.

"దీన్ని కూర్చోబెట్టవే," అన్నాడు శాస్త్రి కంగారుగా.

పైడమ్మ పుస్తకం తెరిచి, పక్కనే నడుస్తూ కూడబలుక్కుని చదివింది.

"మొదటి మార్గం. కుడిచేతి వాటం వారికి. తమరిది ఏ వాటం?"

"కుడి. త్వరగా కానియ్."

"ఏనుగు నిలబడి ఉంటేనే ఇది. నడుస్తుంటే అయిదోది చూడుము. అయిదోది వానాకాలంలో పనికిరాదట. ఇది ఏ కాలమో తమరే సెలవియ్యాలి."

మేఘం ముందుకాళ్లు బురదలో దిగాయి. శాస్త్రి దాని చెవులు పట్టుకున్నాడు.

"ఏదో ఒకటి చెప్పి చావవే."

పైడమ్మ ఆకులన్నీ ఓపిగ్గా తిరగేసింది.

"ఏదో ఒకటి అనే మార్గం మీరు రాయలేదు బాబూ."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీకు తెలిసిందే చెయ్యి పైడమ్మా."

ఆమె కొంగుముడిలోంచి బెల్లంముక్క తీసి నేలకు దగ్గరగా పట్టుకుంది. మేఘం వెనక్కొచ్చి బుద్ధిగా కూర్చుంది.

"అది నేను రాసిన ఏడోదే," అని గొణిగాడు శాస్త్రి, దిగుతూ.

"నేనూ అక్కడిదాకా వచ్చేదాన్నే. మీరే ఆగలేకపోయారు."

రాజు ఏడో మార్గాన్ని మొదట పెట్టి, మిగతా ఆరూ చివర కట్టించాడు. పైడమ్మ కొలువు నిలిచింది.

"బహుమానం కోరుకో. పట్టుచీరా, పాడిఆవా, గజశాల పక్కన పెంకుటిల్లా?"

"మళ్లీ మూడా దొరా. మొదటి రెండూ అప్పుడే మర్చిపోయాను," అంది పైడమ్మ. "ఇల్లొక్కటే గుర్తుంది."

రాజు ఇంకోసారి నవ్వి, ఇంటి తాళంచెవి తెప్పించాడు.