అక్కపువ్వు, చెల్లిపువ్వు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శూరకేతు, నడిపివాడు వీరకేతు, చిన్నవాడు నీలకేతు. పెద్దవాళ్ళిద్దరూ ఏ సంగతైనా చటుక్కున తేల్చేసే రకం. నీలకేతు మాత్రం పప్పు ముందు కలుపుకోవాలా, కూర ముందు కలుపుకోవాలా అని అన్నం చల్లారేదాకా ఆలోచించేవాడు.

ఏడు సముద్రాల అవతల పచ్చపూలకొండ మీద ఖర్పరుడనే మాంత్రికుడు ఉండేవాడు. తనను పెళ్ళాడనన్నందుకు హేమప్రభ అనే రాజకుమార్తెను రాయిగా మార్చేశాడు. ఆమెను విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. అన్నను తెస్తానని నడిపివాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. ముసలిరాజు బెంగతో మంచం పట్టాడు. ఇక మిగిలింది నీలకేతు ఒక్కడే.

మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉంటుంది, మెడ నులిమితే సరి అనుకుంటున్నారా? అంత సుళువైతే ఈ కథ ఎందుకర్రా!

నీలకేతు ఒక సముద్రం దాటాడు, రెండో సముద్రం దాటాడు, అలా ఏడూ దాటి కొండెక్కాడు. అక్కడ మూడు రాళ్ళు. ఒకటి రాజకుమార్తె, మిగతా రెండూ అన్నలు. పెద్దన్న రాతిభుజం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ ఏడుపు విని ఒక తేనెటీగ వచ్చింది. కొండ నిండా ఉన్న పచ్చపూలు రెండు జాతులనీ, తోబుట్టువులనీ చెప్పింది. అక్కపువ్వు రసం చల్లితే రాయి మనిషవుతుందట. చెల్లిపువ్వు రసం చల్లితే చల్లినవాడే రాయవుతాడట. అన్నలిద్దరూ చల్లింది చెల్లినే.

నీలకేతు పూల వంక చూశాడు. నడుమ పసుపుముద్ద, చుట్టూ సన్నని పచ్చరేకులు. ఈ పువ్వూ అంతే, ఆ పువ్వూ అంతే. అక్కెవరో, చెల్లెవరో! తేనెటీగను అడిగితే, తనకు రెండూ తియ్యగానే ఉంటాయంది. కొండమేకను అడిగితే, రెండూ చేదేనంది. తీపీ చేదూ విన్నాక నీలకేతుకు ఉన్న మతి కాస్తా పోయింది. తల పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు.

పక్కనే గుంటలో ఒక కుందేలు పిల్లలతో పడుకుని ఉంది. దాన్నీ అడిగాడు.

“పువ్వా? నేనెప్పుడూ తలెత్తి చూడలేదు బాబూ,” అంది కుందేలు. “నాకు తెలిసిందల్లా మొదలు దగ్గరి ఆకులే. ఒకదాని ఆకు అడుగున దూదిలాంటి నూగుంటుంది. అది పిల్లలకు పరుపూ, తిండీ. రెండోదాని ఆకు నున్నన. అది కొరికిన నా పెద్దపిల్ల మళ్ళీ లేవలేదు.”

నీలకేతు ఒంగి మొక్కల మొదళ్ళు చూశాడు. నిజమే, ఆకులు వేరు! కోటలో పువ్వంటే పూజకైనా జడకైనా పైకి తుంపడమే, ఆకును ముట్టుకునేవాళ్ళే లేరు. అన్నలూ అలాగే తుంపి ఉంటారు. అయినా వాడికి అనుమానం తీరలేదు. నూగుది అక్కేనా? కుందేలుకు మంచిదైతే మనిషికీ మంచిదేనా? నూగాకు మొక్క పూలు కొన్ని దొప్పలో నలిపాడు గానీ, చల్లడానికి చెయ్యి రాలేదు.

అంతలో ఖర్పరుడు ఊడిపడ్డాడు. దొప్పలోకి చూసి, అది చెల్లిపువ్వేనని పకపకా నవ్వాడు. నీలకేతు ఆలోచనలో పడ్డాడు. నిజం చెబుతున్నాడా? బెదిరిస్తున్నాడా? కాసేపు తటపటాయించి, ఒకే మొక్కకు పూసిన రెండు పూలు తుంపి చేతికొకటి పట్టుకున్నాడు.

“నాకేం తెలియడం లేదు మహానుభావా. వీటిలో అక్క ఏదో మీరే చెప్పండి.”

ఖర్పరుడు తడుముకోకుండా కుడిచేతిదాన్ని చూపించాడు.

“రెండూ ఒకే మొక్కవి,” అన్నాడు నీలకేతు.

మాంత్రికుడి ముఖం నల్లబడింది. రోజూ ఆకాశంలో తిరుగుతూ పై నుంచి చూడడమే తప్ప ఆ కొండ మీద ఏనాడైనా ఒంగాడా? నా కొండ మీది పువ్వు నాకే తెలియదంటావా, ఇదిగో అక్క అని మండిపడి, చేతికందిన పువ్వు తుంపి, నలిపి, హేమప్రభ మీద చల్లాడు. చల్లినచోటే రాయైపోయాడు.

నీలకేతు పరుగున వెళ్ళి ఆ మొక్క మొదలు చూశాడు. ఆకు నున్నన. అప్పుడు గానీ వాడి మనసు కుదుటపడలేదు. దొప్ప తెచ్చి రాజకుమార్తె మీద, నడిపన్న మీద, పెద్దన్న మీద చల్లాడు.

శూరకేతు కళ్ళు తెరిచి తమ్ముణ్ణి చూశాడు. సంతోషించలేదు సరిగదా, గాభరాపడ్డాడు.

“నువ్వూ వచ్చేశావా? మరి నాన్న దగ్గర ఎవరున్నార్రా?”

అందరూ ఆఘమేఘాల మీద ఏడు సముద్రాలూ దాటారు. దారిలో జరిగిందంతా విన్న హేమప్రభ తనంతట తానే, చటుక్కున తేల్చేవాళ్ళకన్నా తెలియదని ఒప్పుకునేవాడే తనకు కావాలని చెప్పింది. అన్నలు తలొంచుకుని నవ్వారు. నీలకేతు హేమప్రభల పెళ్ళి ఊరూవాడా భోంచేసేలా జరిగింది. వాళ్ళు చిరకాలం చల్లగా రాజ్యమేలారు.

కానీ పెళ్ళికి ముందు, కోటలో అడుగుపెట్టిన రోజు సంగతి చెప్పాలి. గుమ్మంలో ముగ్గురి అడుగుల చప్పుడూ వినబడింది. కళ్ళు మూసుకుని పడుకున్న ముసలిరాజు చప్పుడునుబట్టే పెద్దాడు, నడిపాడు, చిన్నాడు అని గుర్తుపట్టాడు. ఎవరి సాయమూ లేకుండా లేచి కూర్చుని, ముగ్గురికీ అన్నం పెట్టమన్నాడు.