మసి చెప్పిన సాక్ష్యం

అనగనగా, రాజుల మాట తాటాకు మీద నిలిచే రోజుల్లో, అమరగిరి అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో చిలకవాగు ఒడ్డున అరవై గడపల అద్దకంవారి ఊరు. బట్టల మీద బొమ్మలు వేయడం, రంగులద్దడం, వాగునీటిలో ఉతికి ఆరేయడం, ఇదే వాళ్ల బతుకు.

వాళ్లలో సింగమ్మ చెయ్యి పెద్ద చెయ్యి. ఆమె నెమలిని గీస్తే, వాన వస్తుందేమోనని జనం ఆకాశం వైపు చూసేవారు.

ఒకనాటి ఉదయం బట్టలు తడపడానికి వాగులో దిగిన సింగమ్మ కొయ్యబారిపోయింది. కాళ్లకు నీళ్లు తగల్లేదు! నిన్న మోకాటి లోతు పారిన వాగు, ఇవాళ ఉత్త బురద.

పరుగున ఎగువకు వెళ్లి చూసింది. రాజుగారి లేఖనాధికారి త్రిలోచనుడు వాగుకు అడ్డంగా కట్ట వేయించి, నీళ్లన్నీ తన మామిడితోటకు మళ్లించుకుంటున్నాడు.

"ఇదేం అన్యాయం బాబూ! ఈ నీళ్లు మావని పెద్దరాజుగారు మూడు తాటాకుల మీద రాయించారు కదా!"

"రాయించారా? అయితే కొలువుకు రా. ఆ ఆకులే తీసి చూద్దాం" అని నవ్వాడు త్రిలోచనుడు. ఆ ఆకులుండేది కోటలో, అతని చేతికిందే.

మర్నాడు కొలువు నిండింది. త్రిలోచనుడు తెల్లటి కాగితం ఒకటి పైకెత్తి చూపించాడు.

"మహారాజా! ఒకప్పుడు రాళ్ల మీద చెక్కించారు. రాయిని మోయలేం. తర్వాత రాగిరేకులు వచ్చాయి. దొంగ చేతికి చిక్కితే చెంబులవుతాయి. తాటాకులా, చెదలకు విందుభోజనం! పొరుగుదేశంలో నేను తయారుచేయడం నేర్చిన కాగితమే ఇక మనకు గతి."

"అలాగే కానివ్వు. ముందు ఈమె సంగతి చూడు" అన్నాడు రాజు.

త్రిలోచనుడు తాటాకులను బిగించి కట్టిన, రాజముద్ర ఉన్న చెక్కపలకలు విప్పాడు. మొదటి ఆకు తీశాడు. ఖాళీ. రెండోది తీశాడు. ఖాళీ. మూడోది కూడా ఖాళీ!

సభ నివ్వెరపోయింది. రాజు సింహాసనం మీద ముందుకు వంగాడు. "ఒక్క అక్షరం లేదేమమ్మా?"

సింగమ్మకు ఊరు కళ్లముందు మెదిలింది. అరవై ఇళ్లు! మూడువందల నోళ్లు! ఆకు నిమిరింది. బొమ్మలు గీసిన వేళ్లు కదా, వేలి కొసకు ఏదో గరుగ్గా తగిలింది.

"ప్రభూ! కాస్త దీపపు మసి, ఒక బొట్టు నూనె, నాలుగు చిక్కుడాకులు ఇప్పించండి."

"కూర వండుతుందిరోయ్!" అన్నారు వెనకనుంచి ఎవరో.

"వట్టి ఆకులతో ఏం కూరయ్యా, కాయలు కూడా తెప్పించండి!" సభ గొల్లుమంది.

"మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే, మహారాజా" అన్నాడు త్రిలోచనుడు.

"అది మీకు తెలిసిన మసి బాబూ. మా మసి అబద్ధమాడదు" అంది సింగమ్మ.

మసిలో నూనె కలిపింది. చిక్కుడాకుతో ఆ మసిని తాటాకంతా రుద్దింది. గుడ్డతో తుడిచింది. అంతే! నల్లటి అక్షరాలు బారులు తీరి లేచాయి. 'చిలకవాగు నీళ్లు అద్దకంవారివి.'

నవ్వుతున్న నోళ్లు నవ్వుతూనే ఆగిపోయాయి.

రెండో ఆకు రుద్దింది. వాగు బొమ్మ, దాని ఒడ్డున ఆనాటి పన్నెండు గుడిసెలు తేలాయి.

"ఇదేం మాయ?" అన్నాడు రాజు.

"మాయ కాదు ప్రభూ. కాగితం మీద సిరా పూస్తారు, కడిగితే పోతుంది. తాటాకు మీద ఘంటంతో గీసి, ఆ గీతల్లోకి మసి రుద్దుతారు. తుడిస్తే పోయేది మసే, గీత ఎక్కడికి పోతుంది? ఈ ఆకులను ఎవరో తడిగుడ్డతో తుడిచారు."

త్రిలోచనుడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చాలు. నీళ్లు మీవే" అన్నాడు రాజు.

కాని సింగమ్మ చెయ్యి అప్పటికే మూడో ఆకు రుద్దేసింది. చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

"ఏముంది అందులో?" అన్నాడు రాజు.

ఆ ఆకు ఆమె చేతిలోనే ఉంది. చూసింది ఆమె ఒక్కతే. మసి తుడిచేసి ఖాళీ ఆకేనంటే కాదనేవారు లేరు. సింగమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. గట్టిగా చదివింది.

"'రంగునీళ్లు వాగులో కలిపి దిగువ ఊరి పశువులకు చేటు తెచ్చిననాడు ఈ దానం చెల్లదు.' మేం ఏళ్ల తరబడి కలుపుతూనే ఉన్నాం, ప్రభూ."

సభంతా దిమ్మెరపోయింది. అందరికంటే ఎక్కువ అదిరిపడింది త్రిలోచనుడే.

రాజు అతనివైపు తిరిగాడు. "అయ్యో పాపం! తుడిచే ముందు చదివి ఉంటే నువ్వే గెలిచేవాడివి కదయ్యా!"

తర్వాత సింగమ్మతో అన్నాడు. "పాత దానం చెల్లదు, నిజమే. కాబట్టి కొత్తది ఇస్తున్నాను. రంగునీళ్లకు వేరే గుంటలు తవ్వుకోండి, వాగు మీ ఊరిదే. ఆ కట్ట ఈ పూటే తెగాలి. ఇక త్రిలోచనుడు కోటలోని ఆకులన్నిటికీ తానే మసి రుద్ది, ఒక్కొక్కటే చదివి, కాగితం మీదికి ఎక్కించాలి. సరిచూసేది నువ్వు. చెప్పు, నీ దానం దేనిమీద రాయించను?"

"రాయి, రాగి, ఆకు, కాగితం, ఏదైనా సరే ప్రభూ. ఉన్నది ఉన్నట్టు చదివేవాళ్లుంటే చాలు."

తనకు మేలు చేసే నిజాన్ని ఎవరైనా చదువుతారు. తనకు ఎదురుతిరిగే నిజాన్ని కూడా పైకి చదివినవారి మాటే పదికాలాలు నిలుస్తుంది.