లప్పం వేసిన కారు

సత్యలింగం మాష్టారు అడిగిన ప్రశ్నకి అడిగిన చోట జవాబు చెప్పే మనిషి కాదు. విజయనగరం కంటోన్మెంటులో ఆయన ఇంటి అరుగు మీద సాయంత్రాలు నలుగురం చేరి వేదాంతం వింటూ ఉంటాం. ఎవరైనా సందేహం అడిగితే తల పంకించి "చూద్దాం" అంటారు. నాలుగు రోజులో, నెలో గడిచాక ఎక్కడో ఏదో జరుగుతుంది. అప్పుడు అడిగినవాడి వైపు ఒకసారి చూస్తారు, అంతే. జవాబు చెప్పే శ్రమంతా లోకం నెత్తిన పెట్టి తమరు హాయిగా కూర్చుంటారని ఒకసారి నేను ఆయన ముందే అనేశాను. "లోకానికి మాత్రం వేరే పనేముంది?" అన్నారు.

ఈ సంగతి ఫణీంద్రవర్మగారి ప్రశ్నతో మొదలైంది. వర్మగారు మా అందరిలోకీ పాత శిష్యుడు. కానీ ఇంతవరకూ ఉపదేశం పుచ్చుకోలేదు. మాష్టారు ఇవ్వనన్నారని కాదు. ఆయన ఎప్పుడు రమ్మన్నా ఈయనకే ఏదో ఒకటి అడ్డం. ముందు కోపం తగ్గించుకుని వస్తానండి అనేవారు. కోపం తగ్గితే చుట్టలు పెరిగేవి. చుట్ట మానేస్తే కోపం రెట్టింపయ్యేది. రెండూ అదుపులో ఉన్న నెలలో క్లబ్బులో పేకాట పిలిచేది. అలా ఏళ్ళు దొర్లిపోయాయి. ఆ సాయంత్రం మాత్రం ఆయన గొంతులో నిజమైన దిగులు వినపడింది.

"ఇంకా ఎంత బాగుపడితే నేను మీ ముందు కూర్చోడానికి పనికొస్తాను మాష్టారూ? వయసు మీద పడుతోంది. ఇలాగే వెళ్ళిపోతానేమోనని భయంగా ఉంది."

మాష్టారు తల పంకించి, "కారు అమ్ముతున్నావట?" అన్నారు.

మేము ముగ్గురం నవ్వు ఆపుకున్నాం. వర్మగారికి నవ్వు రాలేదు, నిట్టూర్చారు. ఆ కారు కథ ఊరందరికీ తెలిసినదే. ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. జూట్ మిల్లులో పనిచేసిన దొర ఒకాయన స్వదేశం వెళ్ళిపోతూ వర్మగారి తండ్రికి అమ్మాడు. తండ్రిగారు దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నారు. ఆదివారం పూట టాపు దించి, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని భీమిలి దాకా తీసుకెళ్ళేవారు. ఆయన పోయాక వర్మగారు కొన్నాళ్ళు నడిపారు. తర్వాత షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పారు. షెడ్డు పైన పెంకు పగిలింది. ఇవాళ మార్పిద్దాం, రేపు మార్పిద్దాం అనుకుంటూ ఉండగానే ఎన్నో వానాకాలాలు వచ్చి ఎడమ పక్కంతా తినేశాయి. ఒక కుక్క దాని సీట్లో పిల్లల్ని కూడా పెట్టింది.

ఇప్పుడు వర్మగారి భార్య సుభద్రమ్మగారికి ఆ షెడ్డు కావాలి. ఆవిడ పచ్చళ్ళకి ఊళ్ళో మంచి పేరుంది. జాడీలు వంటిల్లు దాటి, హాలు దాటి, పడగ్గదిలోకి కూడా వచ్చేశాయి. అందుకని ఆవిడ తేల్చి చెప్పేశారు. "మామిడికాయ దిగేలోపు కారుకి ఒక దారి చూడండి. లేకపోతే పాత ఇనుము వాడికి నేనే కబురు పెడతాను. వాడు గ్యాస్ కట్టరు తెచ్చుకుని ముక్కలు చేసుకుపోతాడు." ఆవిడ అన్నంత పనీ చేస్తారు. తండ్రి కారు ముక్కలై తోపుడుబండి మీద గంటస్తంభం పక్కనుంచి వెళ్ళే దృశ్యం వర్మగారికి నిద్ర పట్టనివ్వడం లేదు. అప్పటికే సినిమా కంపెనీ వాడొకడు వచ్చి చూసి, "ఒక్క షాటేనండి, కొండ మీంచి తోసేస్తాం" అన్నాడట. వర్మగారు వాణ్ణి గేటు దాకా తరిమారు. ఆ నెల కోపం సంగతి అలా తేలిపోయింది.

"ఆదివారం కాకినాడ నుంచి ఒక లేడీ డాక్టరుగారు చూడ్డానికి వస్తున్నారండి" అన్నారు వర్మగారు. "పళ్ళ డాక్టరు. ఇలాంటి పాత కార్లు కొని, తనే విప్పి, తనే బాగుచేసుకుంటారట. ఫోటోలు చూసి ఫోన్ చేశారు. ఏమీ ముట్టుకోకండి, ఉన్నదున్నట్టు చూస్తాను అన్నారు."

"ఆదివారం నేనూ వస్తాను. కారు అమ్మడం ఎప్పుడూ చూళ్ళేదు" అన్నారు మాష్టారు.

ఉన్నదున్నట్టు చూస్తానని డాక్టరుగారు అంటే, అది మర్యాదకి అన్న మాట అనుకున్నారు వర్మగారు. భోజనానికి ఏమీ చెయ్యకండి అని చుట్టాలు అంటే నిజంగా ఏమీ చెయ్యకుండా ఊరుకుంటామా? పెళ్ళిచూపులకి పిల్లని జిడ్డు మొహంతో కూర్చోబెడతామా? మర్నాడే పెయింటరు సూరన్న వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మీకెందుకు రాజుగారూ, సినిమా హీరోయిన్నాగ తయారు సేసీస్తాను" అన్నాడు. చేసేశాడు కూడా.

ఆదివారం ఉదయం మేం వెళ్ళేసరికి కారు వాకిట్లో ఎర్రగా ధగధగలాడుతోంది. ముందు బంతిపూల దండ, దాని కింద నిమ్మకాయలు. తెల్లటి లాల్చీలో వర్మగారు కూడా పెళ్ళికూతురి తండ్రిలాగే అటూ ఇటూ తిరుగుతున్నారు. మాష్టారు వరండాలో కుర్చీ వేయించుకుని కాఫీ గ్లాసు పుచ్చుకున్నారు. కాసేపటికి గేటు దగ్గర ఖాళీ లారీ ఒకటి ఆగింది. అందులోంచి నలభై ఏళ్ళావిడ, పాత జీన్సు ప్యాంటుతో, చేతిలో పనిముట్ల పెట్టెతో దిగారు. ఆవిడే డాక్టర్ ప్రఫుల్ల. నచ్చుతుందన్న నమ్మకంతో లారీ కూడా వెంట తెచ్చుకున్నారన్నమాట.

ఆవిడ కారుని చూసి, వర్మగారిని చూసి, మళ్ళీ కారుని చూశారు. "ఫోటోలో ఉన్న కారు ఎక్కడండీ?" అన్నారు.

"ఇదేనండి!" అన్నారు వర్మగారు పొంగిపోతూ. "గుర్తుపట్టలేకుండా చేశాడు కదూ?"

ఆవిడ పెట్టెలోంచి మెత్తని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీశారు. బానెట్ మీద పెడితే టక్కున అతుక్కుంది. వర్మగారు మా వైపు గర్వంగా చూశారు. ఎడమ తలుపు కింద పెడితే జారి నేల మీద పడింది. చక్రం పైన పెట్టారు, అక్కడా పడింది. వెనక మూల పెట్టారు, అక్కడా నిలవలేదు. పడ్డప్పుడల్లా వర్మగారే వంగి తీసి చేతికిస్తున్నారు, పాపం, తప్పు అయస్కాంతానిదే అన్నట్టు.

"ఇందులో ఇనుమెంత, లప్పమెంత రాజుగారూ?"

"ఏదో కొద్దిగా... నునుపు కోసం..."

ఆవిడ అయస్కాంతాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టేశారు. "క్షమించండి. నేను తీసుకోలేను."

వర్మగారికి కోపం సర్రున లేచింది. "ఇదేం బేరమమ్మా! తుప్పు పట్టిన కారు కొంటానని ఫోన్ చేశారు, మెరిసే కారు చూపిస్తే వద్దంటున్నారు!"

"తుప్పంటే నాకు భయం లేదండి, ఎక్కడుందో తెలియకపోతేనే భయం" అన్నారావిడ నెమ్మదిగానే. "మా దగ్గరకి కొందరు వస్తారు. పుచ్చు పన్ను కనపడకూడదని లవంగనూనె పూసుకుని, నోరు ఘుమఘుమలాడించుకుంటూ కూర్చుంటారు. ఏ పన్ను నొప్పి అంటే ఏమీ లేదండీ అంటారు. నేనెక్కడని చెయ్యి పెట్టను?"

లారీ డ్రైవరు బండి స్టార్టు చేశాడు. గుమ్మంలో నిలబడ్డ సుభద్రమ్మగారు చేతిలో ఫోన్ పట్టుకుని, "అయితే ఆ ఇనుము వాడికి..." అని ఆగిపోయారు. ఆవిడ కంఠంలో కూడా గెలిచిన ధ్వని లేదు. కోడలిగా వచ్చిన కొత్తలో ఆ కార్లో ఆవిడ కూడా భీమిలి వెళ్ళారు మరి.

అప్పుడు మాష్టారు కాఫీ గ్లాసు కింద పెట్టి అడిగారు. "కింద ఇనుము లేదంటావా తల్లీ, కనపడటం లేదంటావా?"

"ఆ మాట ఈ రంగు చెప్పనివ్వటం లేదు కదండీ" అన్నారు డాక్టరుగారు.

వర్మగారి మొహం కారు కంటే ఎర్రగా ఉంది. గబగబా లోపలికి వెళ్ళారు. అలిగి వెళ్ళారనే అనుకున్నాం. సుత్తి, స్క్రూడ్రైవరు పట్టుకుని తిరిగొచ్చారు. ఎడమ తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూలబడి ఒక్క దెబ్బ వేశారు. మూకుడులోంచి దిబ్బరొట్టె లేచినట్టు ఎర్రటి పెచ్చు లేచింది. దాని వెనక రెండంగుళాల లప్పం. ఆ వెనక చెయ్యి పట్టేంత కన్నం. కన్నం అంచున మాత్రం పాత రంగు కొద్దిగా మిగిలి ఉంది, ముదురు ఆకుపచ్చ. ఆ రంగు చూసి ఆయన చేతులు ఆగిపోయాయి.

"మా నాన్నగారు దీనిమీద ఒక్క దుమ్ము మరక ఉండనిచ్చేవారు కాదమ్మా" అన్నారు, కారుతోనో డాక్టరుగారితోనో తెలియకుండా. "ఒక్క పెంకు మార్పించలేక ఇలా కుళ్ళబెట్టాను. మీకు చూపించడానికి సిగ్గేసింది. ఆయనుంటే నా మొహం చూసేవారు కాదు."

"ఆయన ముందు కారు చూసుకునేవారు. మీ మొహం దాకా ఎక్కడొచ్చేవారు?" అన్నారు సుభద్రమ్మగారు, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే.

అందరం నవ్వాం, వర్మగారు కూడా. ఆ నవ్వుతో ఆయనకి ఏదో అడ్డం తొలగిపోయినట్టుంది. రెండో పెచ్చు, మూడో పెచ్చు టపటపా రాలిపోయాయి. డాక్టరుగారు లారీ డ్రైవరుకి ఇంజను ఆపమని సైగ చేసి, తనూ ఒక ఉలి తీసుకుని పక్కన కూర్చున్నారు. ఆ తర్వాత జరిగినది నేను కళ్ళారా చూడకపోతే నమ్మేవాణ్ణి కాదు. అమ్మేవాడు లోపాలు దాచి కొనేవాడు వెతకడం లోకరీతి. ఇక్కడ వర్మగారు ఆవిడకి కనపడనివి కూడా వెతికి చూపిస్తున్నారు. "ఇది చూశారా, ఇక్కడ కింద నేల కనపడుతుంది! ఈ సీటు కింద స్ప్రింగులు లేవు, కుక్క పిల్లలు పీకేశాయి. ఇంకా ఉంది, ఇలా రండి, గేరు పెట్టె మూత నేనే ఒకసారి కోపంలో పగలగొట్టాను!" ఊళ్ళోవాళ్ళు పిల్లల మార్కులు చెప్పుకునేటంత హుషారుగా చెప్పుకుపోతున్నారు. మెచ్చుకోలు కోసం వచ్చిన పెయింటరు సూరన్న గేటు దగ్గరే నిలబడిపోయి, "అయ్యబాబోయ్, నా పనంతా నేలపాలు సేసీసేరు!" అని నెత్తి కొట్టుకున్నాడు.

డాక్టరుగారు చాప పరిపించుకుని కారు కిందకి దూరారు. అయస్కాంతం టక్, టక్ మంటున్న చప్పుడు మాకు పైకి వినపడుతోంది. ఎంతసేపటికీ ఆవిడ బయటికి రాలేదు. వర్మగారు ఆ చప్పుడే వింటున్నారు. చివరికి ఆవిడ జుట్టునిండా తుప్పు పొడితో బయటికి వచ్చి కూర్చుని, "ఎముక గట్టిదండీ, కింద చట్రమంతా మంచి ఇనుమే" అన్నారు. "పైనంతా పోయింది. పోయినది పోయినట్టు కనపడుతోంది కాబట్టి నేను కట్టుకోగలను. ఇలా చూపిస్తే నాకు చాలు."

"తీసుకుంటారా?"

"తీసుకుంటాను. లప్పం గీకిన కూలి మీకు నేనివ్వాలి, వేయించిన కూలి మీరే భరించాలి."

వర్మగారు రెండు చేతులూ జోడించారు. "మా నాన్నగారు దీన్ని ఆకుపచ్చగానే ఉంచేవారమ్మా" అన్నారు.

"ఆకుపచ్చే వేస్తాను. ఏడాది పట్టచ్చు, రెండేళ్ళు పట్టచ్చు. అయ్యాక మీరిద్దరూ వచ్చి భీమిలి దాకా నడపాలి."

లారీకి పలకలు వేసి అందరం కారుని తోశాం. సూరన్న తిట్టుకుంటూనే అందరికంటే గట్టిగా తోశాడు. మాష్టారు కూడా లేచి వచ్చి, వెనక ఒక అరచెయ్యి ఆనించారు. అది తోయడమో ఆశీర్వదించడమో నేను చెప్పలేను. పెచ్చులూడి, కన్నాలు బయటపడి, మెడలో బంతిపూల దండతో ఆ కారు లారీ ఎక్కి వీధి మలుపు తిరిగింది. సుభద్రమ్మగారు అప్పటికే షెడ్డులో నిలబడి ఏ జాడీ ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నారు.

వర్మగారు మలుపు వైపే చాలాసేపు చూసి, వెనక్కి తిరిగారు. లాల్చీ చిరిగింది. మోచేతుల దాకా తుప్పు, మీసాల్లో లప్పం. వరండా మెట్టు మీద కూర్చున్న మాష్టారు పక్కన చేత్తో దుమ్ము దులిపి, "రా వర్మా, కూర్చో. ఉపదేశం చేస్తాను" అన్నారు.

వర్మగారు తన ఒళ్ళు తాను చూసుకుని కంగారుపడ్డారు. "ఇప్పుడా! ఇలాగా మాష్టారూ! ఒక్క పది నిమిషాలండి. తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చేస్తాను."

మాష్టారు ఖాళీ వీధి వైపు చూశారు.

"ఆవిడ కడిగించి తీసుకెళ్ళిందా?" అన్నారు.