నూకరత్నం పట్టీలు

నూకరత్నం జబ్బు కనిపెట్టింది తానేనన్న సంతోషం డాక్టర్ పృథ్వికి ఇంకా తగ్గలేదు.

ఆమె ఎండుచేపలు అమ్ముకునే మనిషి. కీళ్ల నొప్పులకు ఒకరు, జ్వరానికి ఒకరు, జుట్టు రాలుతోందంటే ఇంకొకరు మందులిచ్చి పంపేశారు. ఎండ తగిలితే ముక్కు మీద, రెండు బుగ్గల మీద లేచే ఎర్రమచ్చ చూసి, వాటన్నిటినీ కలిపి ఇది లూపస్ అన్నది పృథ్వి ఒక్కడే. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు అది. రక్తపరీక్షలూ అదే చెప్పాయి. ఆ తర్వాత కొన్నాళ్లు వార్డులో కాస్త ఛాతీ విరుచుకునే తిరిగాడు. చిన్నవాడు, పోనిద్దాం.

ఇవాళ ఆమె మళ్లీ వచ్చింది. మచ్చ పోయింది, నొప్పులు లేవు. మొహం మాత్రం ఉబ్బింది.

"ఈ మాత్రలు ఆపెయ్యండి బాబూ. అద్దంలో నన్ను నేనే పోల్చుకోలేకపోతన్నాను."

"స్టెరాయిడ్ వల్ల వచ్చిన ఉబ్బు సార్. జబ్బు అదుపులోనే ఉంది, మోతాదు తగ్గించేస్తాను" అని గురువు సోమసుందరం గారికి చెప్పి, పృథ్వి కలం తీశాడు.

ఆయన చూపు ఆమె మొహం మీద లేదు.

"పోయినసారి కాళ్లకున్న పట్టీలేవమ్మా?"

"బిగిసిపోతన్నాయని తీసేశానండి."

ఆయన కుర్చీలోంచి లేచి, ఆమె ముందు నేల మీద కూర్చున్నారు.

"అయ్యో, మీరు నా కాళ్లు ముట్టుకోవడమేంటండీ!" అంటూ ఆమె వెనక్కి లాక్కోబోయింది. ఆయన వినలేదు. చీలమండ పైన బొటనవేలితో కాసేపు నొక్కిపట్టి తీశారు. గుంట పడింది. ముగ్గురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. అది పూడలేదు; కాళ్లకు నీరు పట్టింది.

పృథ్వి కలం పక్కన పెట్టేశాడు. అప్పటికప్పుడు ఆమె మూత్రం తీయించి, పక్కగదిలో తనే దీపం మీద వేడిచేసి చూశాడు. గాజు గొట్టంలో అది విరిగిన పాలలా తెల్లబడింది.

తిరిగి వచ్చేసరికి సోమసుందరం గారు ఇంకా నేల మీదే ఉన్నారు. ఏ చేప ఎండితే రుచిగా ఉంటుందో అడుగుతున్నారు.

"మూత్రంలో ప్రోటీన్ పోతోంది. జబ్బు కిడ్నీలకు పాకింది సార్. మందు పెంచాలి. నేనేమో..."

మోతాదు తగ్గించి ఉంటే ఆమె కిడ్నీలను తన చేతులారా పాడుచేసి ఉండేవాడు.

ఆయన కాస్త పక్కకు జరిగి చోటిచ్చారు.

"రా నాయనా. రెండో కాలు నువ్వు చూడు."