చిన్న మార్పులు

"కోడ్ ఎదురుగా ఉంది కదా మాస్టారూ! చదవకుండా సరేనన్నది సువార్త. తప్పు నాదెలా అవుతుంది?" అని తారకేశ్ అడిగాడు.

భానోజీ మాస్టారు విశాఖలో బ్లడ్ బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసే ఒక చిన్న ఆఫీసుకు పెద్దదిక్కు. అక్కడ ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చదివి సరేనంటేనే అది అసలు ప్రోగ్రాంలో కలుస్తుంది. అలా పంపేదాన్ని పుల్ రిక్వెస్ట్ అంటారు. ఏం మార్చారో, ఎందుకు మార్చారో దాని పైన రాయాలి. తారకేశ్ మాత్రం ఎప్పుడూ "చిన్న మార్పులు" అని పడేసి ఊరుకునేవాడు. గంటల తరబడి కోడ్ రాసే మనిషికి రెండు వాక్యాలు రాయడానికి చేతులు రావు!

అలాంటి చిన్న మార్పు ఒకటి, గడువు తీరిన రక్తం సంచుల మీద వచ్చే హెచ్చరికను ఆపేసింది. బ్లడ్ బ్యాంకువాళ్ళు కళ్ళతో చూసి పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఎవరి ప్రాణం మీదికి వచ్చేదో! చీవాట్లు తిన్నది మాత్రం సువార్త. సాయంత్రం మీటింగులో ఆమెను కోడ్ చదివి సరేననే పని నుంచి తప్పిస్తారట. రాసినవాడేమో కాలరెగరేసుకుని తిరుగుతున్నాడు. ఇదెక్కడి న్యాయం?

మాస్టారు వాదించలేదు. "నాదొకటి పంపాను, కాస్త చూసిపెట్టు" అన్నారు.

పైన "చిన్న మార్పులు" అని ఉంది. మాస్టారు రాసినదాంట్లో చూసేదేముంటుందిలే అనుకుని తారకేశ్ సరేనని నొక్కేశాడు. కాసేపటికి తన స్క్రీన్ చూసుకుని అదిరిపడ్డాడు. ఎంతో కష్టపడి తయారుచేసిన రక్తదాతల పేజీ అక్కడ లేదు. మీటింగులో చూపించి శభాష్ అనిపించుకోవాలనుకున్నది దాన్నే. మళ్ళీ తెచ్చుకోవచ్చని తెలుసు, అయినా ఒళ్ళు మండిపోయింది. విసురుగా మాస్టారి గదిలోకి వచ్చాడు.

"ఇది అన్యాయం మాస్టారూ! నా పేజీ తీసేస్తున్నానని ఒక్క ముక్క రాయకూడదా?"

"కోడ్ ఎదురుగానే ఉంది కదయ్యా."

"చిన్న మార్పులన్నారు! మీ మాట నమ్మాను!"

ఆ కేక గది బయటికి కూడా వినిపించింది. అద్దం తలుపు అవతల సువార్త లాప్‌టాప్ పట్టుకుని, తల వంచుకుని మీటింగుకు వెళుతోంది. తారకేశ్ ఆమెను చూశాడు.

"నీ పేజీ ఎక్కడికీ పోలేదు, పెట్టేస్తాలే" అన్నారు మాస్టారు. "మీటింగుకు వేళయింది, నువ్వూ వెళ్ళు. ఇప్పుడు నువ్వు నన్నన్న మాట, ఆ అమ్మాయి నిన్ను ఇంతవరకూ అనలేదు."