మోదుగాకు ముసుగు దొర, బొంతన్న జమేదారు

అనగనగా ఒక అడవి. చెప్పుకోవడానికి పెద్ద అడవేం కాదు గానీ, మోదుగచెట్లకు మాత్రం లోటు లేదు. మనం విస్తళ్ళు కుట్టుకుంటామే, ఆ ఆకుల చెట్లే. ఆ చెట్ల కింద ఒక నక్క ఉండేది. పేరు కుంకుడు. ఒళ్ళంతా ఎండిన కుంకుడుకాయ రంగు, అందుకని ఆ పేరు.

పాపం, నక్కగా పుట్టడమే వాడి తప్పయిపోయింది. అడవిలో ఏం జరిగినా అందరూ వాడినే అనేవారు. తేనెపట్టు కారిపోతే నక్క. కుందేలు పిల్ల దారి తప్పితే నక్క. కొండముచ్చు తాతకి జలుబు చేస్తే కూడా, "ఆ నక్క నా వైపు తిరిగి తుమ్మింది, అందుకే!" అనేవాడు. తాత రోజూ వానలో తడిసేవాడు. ఆ సంగతి మాత్రం ఆయనకి గుర్తుండేది కాదు.

ఒక రోజు నెమలక్క గూటిలోంచి ఒక గుడ్డు జారి, వాలులో దొర్లుతోంది. కుంకుడు చూశాడు. పరిగెత్తి ముట్టెతో ఆపాడు. మెల్లగా నెట్టుకుంటూ గూటి దగ్గరికి తెచ్చాడు. సరిగ్గా అప్పుడే నెమలక్క వచ్చింది.

"దొంగా! నా గుడ్డు తినేస్తావా?" అంటూ నెత్తి మీద టకటకా పొడిచింది.

"తినడానికి కాదక్కా, నీకు ఇవ్వడానికే!" అన్నాడు కుంకుడు.

"నక్క మాటలు నా దగ్గరా?" అని నెమలక్క ఇంకో నాలుగు పొడిచింది.

కుంకుడు ఒక మోదుగచెట్టు కింద కూర్చుని ఏడ్చాడు. ఏడ్చీ ఏడ్చీ ముఖమంతా తడిసిపోయింది. పైనుంచి ఒక పెద్ద ఆకు రాలి ఆ తడి ముఖానికి అతుక్కుంది. కాసేపటికి దాహం వేసి మడుగు దగ్గరికి వెళ్ళాడు. నీళ్ళలోకి చూసి అదిరిపడ్డాడు.

"ఎవరబ్బా ఈయన? పెద్దమనిషిలా ఉన్నాడే!" అనుకున్నాడు. తర్వాత తెలిసింది, అది తనే అని.

ఇంకేం! ఆకుకి రెండు కన్నాలు కొరికాడు. తిప్పతీగతో చెవుల వెనక ముడి వేసుకున్నాడు. నక్క వాసన రాకుండా అడవి తులసి పొదలో అటూ ఇటూ పొర్లాడు. ఆ రోజు నుంచి అడవికి ఒక ముసుగు దొర వచ్చాడు.

ఆ అడవికి జమేదారు ఒక ఎలుగుబంటి. బొంతన్న అనేవారు ఆయన్ని. నడుముకి అడ్డతీగ నారతో పేనిన బెల్టు. చాలా మంచివాడు, చాలా నిజాయితీపరుడు, చాలా బరువు. ఆ చివరిదే చిక్కు. ఆయన దొంగని పట్టుకోవడానికి బయలుదేరితే, ఎండుటాకులన్నీ కరకరమని దొంగకి ముందే కబురు చెప్పేసేవి.

ఒక ఉదయం జింకమ్మ కాలు ఉచ్చులో ఇరుక్కుంది. బొంతన్న ఆయాసపడుతూ వచ్చి తాడు పట్టుకుని లాగాడు. ఉచ్చు ఇంకా బిగిసింది. జింకమ్మ గొల్లుమంది.

"కాస్త పక్కకి జరగండి జమేదారుగారూ!" అని ఎవరో అన్నారు. చూస్తే మోదుగాకు ముసుగు! ఆ ముసుగు దొర కసకసా నాలుగు కొరుకులు కొరికాడు. తాడు తెగింది. జింకమ్మ దండాలు పెట్టింది.

బొంతన్న ముక్కు ఎగబీల్చి, కాసేపు ఆ దొర వైపే చూశాడు. తర్వాత నవ్వి, "దొరా, మనిద్దరం కలిసి పనిచేద్దామా?" అని అడిగాడు.

అలా కుదిరింది వాళ్ళ జత. ఏదైనా ఆపద వస్తే బొంతన్న ఒక బోలు దుంగ మీద దబదబా బాదేవాడు. ఆ చప్పుడు వినగానే ముసుగు దొర ఊడిపడేవాడు. కోళ్ళని దొంగిలించే ఉడుము ముందు కన్నంలోంచి పారిపోదామంటే అక్కడ బొంతన్న. వెనక కన్నంలోంచి పోదామంటే అక్కడ ముసుగు దొర. బురదగుంటలో పడ్డ కుందేలు పిల్లని ముసుగు దొర పట్టుకుంటే, ఆ ముసుగు దొర తోక పట్టుకుని బొంతన్న లాగాడు. పిల్ల బయటపడింది. దొర తోక మాత్రం వారం రోజులు నొప్పెట్టింది.

పని అయ్యాక ఇద్దరూ కూర్చుని ఇప్పపువ్వు తినేవారు. ఒకసారి కుంకుడు ఉండబట్టలేక అడిగాడు.

"జమేదారుగారూ, నా ముఖం చూడాలని మీకు ఎప్పుడూ అనిపించలేదా?"

"చూసి ఏం చేసుకోను? నాకు కావలసింది నీ పని. ఆ ఇప్పపువ్వు ఇలా జరుపు" అన్నాడు బొంతన్న.

కుంకుడుకి ప్రాణం లేచి వచ్చింది. అదే రోజు దారిలో నెమలక్క, "ఆ దొర ఎవరో గానీ బంగారం! ఆ పాడు నక్కలాంటి వాడు కాదు" అనడం విన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక, ముసుగు ఇంకాస్త బిగించి కట్టుకున్నాడు.

ఇదిలా ఉండగా, ఆ అడవిలో ఒక దుమ్ములగొండి ఉంది. దానికి బద్ధకం ఎక్కువ, ఆకలి ఇంకా ఎక్కువ. "ఆ ముసుగుని చూస్తే ఎవరూ అడ్డుపడరు కదా, నేనూ ఒకటి పెట్టుకుంటే?" అనుకుంది. ముడి వేయడం దానికి చేత కాదు. అందుకని మోదుగ మాను గీరి, కారిన బంక పూసుకుని, ఆకుని మూతికి అతికించుకుంది. నేరుగా నెమలక్క గూటికి వెళ్ళింది. దూరం నుంచి ఆకు ముసుగు చూసి నెమలక్క, "రండి దొరగారూ! మంచినీళ్ళు తెస్తాను, కూర్చోండి" అని మడుగుకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి గూడు ఖాళీ! మోదుగాకు ముసుగు ఒకటి పొదల్లో మాయమైపోతోంది.

నెమలక్క గుండెలు బాదుకుంది. అడవి అంతా రాణిగారి కొలువులో చేరింది. రాణిగారంటే పెద్ద పులి. ఆ కొలువులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు మాట్లాడాలన్నా ముందు పక్కనున్న ఊటనీళ్ళతో ముఖం కడుక్కోవాలి. కడిగిన ముఖంతో అబద్ధం రాదని వాళ్ళ నమ్మకం. మన ముసుగు దొర ఎన్ని సన్మానాలకి పిలిచినా ఆ కొలువుకి ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసిందా?

నెమలక్క ముఖం కడుక్కుని ఏడుస్తూ చెప్పింది. "రాణిగారూ, నా గుడ్లు పొద్దు వాలేలోగా దొరకాలి. చల్లబడితే నా పిల్లలు నాకు దక్కరు!"

బొంతన్న కూడా ముఖం కడుక్కున్నాడు. "గూటి దగ్గర మోదుగ బంక వాసన వస్తోంది. మా దొర బంక వాడడు, తీగతో కట్టుకుంటాడు. ఇది ఇంకెవరిదో పని" అన్నాడు.

"అయితే ఆ దొర ఎవరు? పేరు చెప్పు" అన్నారు రాణిగారు.

"అది నేను చెప్పకూడదమ్మా."

"తెలిసి కూడా చెప్పవా?"

"తెలుసు. చెప్పను. ముఖం ఆయనది. చూపించాలో వద్దో ఆయన ఇష్టం."

వెనక నుంచి దుమ్ములగొండి అరిచింది. "చూశారా! జమేదారే దొంగకి కాపలా కాస్తున్నాడు!" అందరూ గోల చేశారు. రాణిగారి మీసాలు బిగుసుకున్నాయి.

"పేరు చెప్పు. లేదా బెల్టు తీసి ఇక్కడ పెట్టు. రేపటి నుంచి నువ్వు జమేదారువి కాదు."

బొంతన్నకి ఆ బెల్టంటే ప్రాణం. నిద్రలో కూడా తీసేవాడు కాదు. ఆయన ముడి విప్పి, బెల్టుని రాణిగారి ముందు పెట్టాడు. బెల్టు లేకుండా ఆయన పొట్ట ఎంత పెద్దదో అప్పుడే అందరికీ తెలిసింది. కానీ ఒక్కరు కూడా నవ్వలేదు.

ఇదంతా వెనక పొదలో దాక్కుని కుంకుడు చూస్తున్నాడు. బయటికి వస్తే, మళ్ళీ పాత బతుకే. పొడుపులు, తిట్లు, దొంగ అనే పేరు. రాకపోతే, ముసుగు భద్రం. కానీ బొంతన్న? వాడు ఆ బెల్టు వైపు చూశాడు. ఇక ఆగలేకపోయాడు.

"ఆగండి!" అంటూ బయటికి వచ్చాడు. తిప్పతీగ ముడి విప్పాడు. ఊట దగ్గరికి వెళ్ళి నీళ్ళు చల్లుకుని ముఖం కడుక్కున్నాడు. తలెత్తాడు.

"నక్క!" అని అడవి అంతా కేక పెట్టింది.

"అవును, నక్కనే. కుంకుడుని. ఇన్నాళ్ళూ ముసుగు దొర నేనే. గుడ్లు నేను తీయలేదు. జమేదారుగారి బెల్టు ఆయనకి ఇచ్చేయండి. కావాలంటే నన్ను కట్టేయండి" అన్నాడు.

"కట్టేయండి మరి! ఇంకా చూస్తారేం?" అని దుమ్ములగొండి మళ్ళీ అరిచింది.

అప్పుడు బొంతన్న మెల్లగా దాని వైపు తిరిగాడు. "నువ్వు కొలువులో ఇది రెండోసారి నోరు విప్పడం. ముఖం కడుక్కున్నావా?"

దుమ్ములగొండి రెండడుగులు వెనక్కి వేసింది. "నాకు... నాకు చన్నీళ్ళు పడవు" అంది.

"కడుక్కో" అన్నారు రాణిగారు.

పులి చెబితే కాదనేవాళ్ళెవరు? దుమ్ములగొండి మూతి నీళ్ళలో పెట్టింది. ఆ నల్ల మూతి మీద ఎండిపోయిన బంక అంతవరకూ ఎవరికీ కనబడలేదు. తడి తగలగానే అది కరిగి, ఎర్రగా ధారలు కట్టింది. మోదుగ బంక గుణమే అంత. ఊట అంతా ఎర్రబడింది.

"గుడ్లు ఏవి?" అని రాణిగారు గర్జించారు.

"తినలేదమ్మా! ఒట్టు! రాతి నెర్రెలో దాచిపెడదామనుకుంటే లోపలికి దొర్లిపోయాయి. నాకే అందలేదు!" అని ఏడ్చింది దుమ్ములగొండి.

అందరూ ఆ రాతి దగ్గరికి పరిగెత్తారు. పొద్దు వాలుతోంది. నెర్రె చాలా ఇరుకు. బొంతన్న చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. రాణిగారి పంజా పట్టలేదు. కొండముచ్చు తాత చెయ్యి పట్టింది గానీ చివరికి అందలేదు. అక్కడ దూరి, గుడ్డు పట్టుకుని రాగలిగేది ఒక్కడే. అందరూ వాడి వైపు చూశారు.

కుంకుడు నెమలక్క వైపు చూశాడు. "అక్కా, గుడ్లు నోట్లో పెట్టుకునే తేవాలి. వేరే దారి లేదు. తేనా?"

నక్క నోట్లో గుడ్లు! నెమలక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడి నెత్తి మీద తన పొడుపుల మచ్చలు ఇంకా కనబడుతున్నాయి. "ఆ రోజు నువ్వు నా గుడ్డు ఇవ్వడానికే వచ్చావు కదూ? వెళ్ళు తమ్ముడూ, తీసుకురా" అంది.

కుంకుడు లోపలికి దూరాడు. కాసేపటికి బయటికి వచ్చి నోరు తెరిచాడు. నెమలక్క రెక్క మీద ఒక గుడ్డు పడింది. చిన్న గీత కూడా లేదు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తెచ్చాడు. అన్నీ తెచ్చేదాకా ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీయలేదు. నెమలక్క అక్కడికక్కడే వాటి మీద కూర్చుంది. "వెచ్చగానే ఉన్నాయి!" అంది. అడవి అంతా ఎగిరి గంతేసింది.

రాణిగారు స్వయంగా బొంతన్నకి బెల్టు కట్టారు. దుమ్ములగొండికి, ఆ పిల్లలు పెద్దయ్యేదాకా రోజూ నెమలక్కకి మంచినీళ్ళు మోసే పని పడింది. కొండముచ్చు తాత కుంకుడు దగ్గరికి వచ్చి, "ఆ జలుబు వాన వల్లేనురా" అని గొణిగాడు.

అందరూ వెళ్ళిపోయాక ఇద్దరూ ఇప్పచెట్టు కింద కూర్చున్నారు.

"జమేదారుగారూ, నేనెవరో మీకు ఎప్పుడు తెలిసింది?"

"జింకమ్మ ఉచ్చు కొరికిన రోజే."

"మొదటి రోజేనా! నేను తులసిలో పొర్లి వచ్చానే!"

"అవునురా కుంకుడూ. తులసిలో పొర్లిన నక్క వాసన వచ్చింది. ఆకు ముఖానికి కట్టావు గానీ, నా ముక్కుకి కట్టలేదుగా!"

కుంకుడు నోరు తెరిచాడు. "నక్కనని తెలిసి కూడా నాతో కలిసి పనిచేశారా?"

"తెలిశాకే కదరా, కలిసి పనిచేద్దామని అడిగింది" అన్నాడు బొంతన్న.

కుంకుడు తోకతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, "బొంతన్నా!" అన్నాడు. అలా పిలవడం అదే మొదటిసారి.

"ఏం?"

"ఏం లేదు. ఇప్పపువ్వు ఇలా జరుపు."

మర్నాడు బోలు దుంగ దబదబా మోగింది. కుంకుడు అలవాటుగా ఆకు కోసం చెయ్యి చాచాడు. అంతలో నవ్వుకుని, ఉన్న ముఖంతోనే పరిగెత్తాడు.

నీతి: మంచి స్నేహితుడు మన రహస్యం కోసం తన గౌరవం కూడా వదులుకుంటాడు. అలాంటి వాడికి కష్టం వచ్చినప్పుడు మనం దాక్కోకూడదు.